చిన్న మత్తడి తాళం

1969 మే 3, శనివారం

ఆఫీసు రిజిస్టర్లో రోజూ నీటిమట్టం రాస్తాను. పదిహేడేళ్లుగా అదే రాత. ఈ పుస్తకం వేరు. ఇందులో ఏం రాసినా పైవాళ్ళకు పంపక్కర్లేదు. నా భార్య సుందరికి కూడా చూపించను.

ఇవాళ నారాయణగూడ చౌరస్తాలో తెలంగాణ ఉద్యమం వాళ్ళు బస్సు తగలబెట్టారు. నేను సైకిలు దిగి, మూసేసిన బట్టల కొట్టు అరుగు పక్కన నిలబడ్డాను. ఒక వైపు నుంచి రాళ్ళు, ఇంకో వైపు నుంచి లాఠీలు. పదహారేళ్ళుంటాయేమో, ఒక కుర్రాడు తల పట్టుకుని నా ముందు నుంచే పరుగెత్తాడు, వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతోంది. అంతలో గుంపు ఒకాయన్ని సైకిలు మీద నుంచి లాగింది. నాకు తెలిసిన మనిషే. పక్క ఆఫీసులో టైపిస్టు, భీమవరం వాడు. కింద పడి తన్నులు తింటూ నా వైపు చూశాడు. నేను వంగి సైకిలు చైను సరిచేసుకున్నాను. చైను నిజంగానే ఊడింది.

ఇంటికి వచ్చేసరికి కిషన్ రావు గారు గేటు దగ్గరే ఉన్నారు. మేం అద్దెకుంటున్న ఇంటి యజమాని. పై వాటాలో వాళ్ళు, కింది వాటాలో మేము.

"ప్రకాశరావు గారు, రేపటి సంది పెద్ద రోడ్డు మీదికెళ్లి రాకుండ్రి. ఈ గల్లీలకెళ్లి రాండ్రి జర."

"ఇంకా ఎన్నాళ్ళండీ ఇది?"

"మా పోరగాండ్లకు నౌకర్లు దొరికేదాంక అంటున్నరు. నేనేం జెప్పను? మీరు మంచోళ్లు, ఆరేండ్ల సంది ఉంటున్నరు. గని వాళ్లు చెప్పేది అబద్ధం అని అనలేను."

నేను నవ్వి లోపలికి వచ్చాను. సుందరి అడిగితే చౌరస్తాలో ఏమీ లేదన్నాను.

మే 9, శుక్రవారం

చిన్న మత్తడి దగ్గర తగాదా.

మా గుంటూరు వైపు అలుగు అంటాం, ఇక్కడ మత్తడి అంటారు. దోమలగూడ దాటి నాలా మా అశోక్ నగర్ వైపు మళ్ళే చోట, నిజాం కాలంలో రాయీ డంగుసున్నంతో కట్టిన గోడ. రెండు నిలువుల ఎత్తు, నాలుగు ఇనుప తలుపులు. ఎండాకాలం తలుపులు దించితే వెనక మడుగు నిలుస్తుంది. చిక్కడపల్లి బావులకు ఊట వస్తుంది, కింద కూరగాయల మళ్ళకు పిల్లకాలువ పారుతుంది. వాన వస్తే తలుపులు ఎత్తాలి. ఎత్తకపోతే నీళ్ళు వెనక్కి తన్ని మా పల్లపు సందుల్లోకి వస్తాయి. ఇంకా ఆలస్యం చేస్తే ముసలి గోడే పోతుంది. గోడ పోతే కింద నాలా గట్టున గుడిసెలన్నీ పోతాయి. అలాగని నాలుగూ ఒక్కసారి ఎత్తినా ఆ గుడిసెలే పోతాయి. ఒక్కో తలుపూ ఆగి ఆగి ఎత్తాలి. ఎంతసేపు ఆగాలో ఏ పుస్తకంలోనూ లేదు. తిమ్మమ్మకు తెలుసు.

నీరటి తిమ్మమ్మ. నీళ్ళు కట్టడం, వదలడం ఆ ఇంటి పని. మామ చేశాడు, మొగుడు చేశాడు, మొగుడు పోయాక ఇరవై రెండేళ్లుగా ఆవిడ చేస్తోంది. ఇప్పటికీ రోజుకూలీ కిందే ఉంది. పర్మనెంటు చెయ్యమని మూడుసార్లు అర్జీ పెట్టుకుంది. ఈ ఊరి మనిషినన్న సర్టిఫికెట్ జతచేయలేదని మూడుసార్లూ తిప్పి పంపాను. నేను కాదు, రూలు.

మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు వీరరాఘవరావు గారు మెమో పంపారు. గొడవల దృష్ట్యా నీటి కట్టడాలకు తాళాలు వేయాలి, తాళంచెవులు ఓవర్సీర్ల దగ్గరే ఉండాలి. అంటే నా దగ్గర. తలుపులు తిప్పే చక్రాలన్నిటికీ గొలుసు చుట్టించి తాళం వేశాను. తిమ్మమ్మ గోడ మీద నిలబడి చూసింది.

"తాళమెందుకు సారూ?"

"ఆర్డరు."

"వానొచ్చినంక నువ్వు దొరకకుంటే?"

"దొరుకుతాను. మా ఇల్లెంత దూరం?"

"నీ ఇల్లు ఎరికే. మబ్బు పట్టినంక గడియల నీళ్లు దిగుతయి. నువ్వు అంగీ తొడుక్కోని వచ్చేదాంక ఆగుతయా?"

"గవర్నమెంటు రూలు తిమ్మమ్మా."

"మా ఆయనున్నప్పుడు గవర్నమెంటు లేదా? నా మీద నమ్మకం లేదని చెప్పు. గట్ల చెప్తే నాకర్థమైతది."

తాళంచెవి జేబులో వేసుకున్నాను. నమ్మకం లేక కాదు. ఆవిడ తమ్ముడు రాఘవేందర్ ప్రెస్సులో కంపోజిటరు. ఊరేగింపుల్లో ముందు వరసలో ఉంటాడు. మెమోలో ఆ సంగతి లేదు. నాకు తెలుసు, అంతే.

మే 21, బుధవారం

ఇవాళ ఏమీ రాయను.

మే 24, శనివారం

నోరు కాస్త తెరుచుకుంటోంది. రాయగలను.

బుధవారం సాయంత్రం చిక్కడపల్లి మార్కెట్ సందులో పదిమంది దాకా అడ్డం వచ్చారు. సైకిలు హ్యాండిల్ ఒకడు పట్టుకున్నాడు.

"పేరు?"

"సూర్యప్రకాశరావు."

"ఏ ఊరు?"

"అశోక్ నగర్."

"ఉండేది కాదు బే, పుట్టింది?"

అప్పుడు నాకో తెలివి పుట్టింది. "ఏందన్నా, గట్లడుగుతున్నవ్, మనది ఈడనే" అన్నాను. వాళ్ళు పగలబడి నవ్వారు. బతికాననుకుని నేనూ నవ్వాను. నవ్వుతున్న నోటి మీదే పడింది మొదటి దెబ్బ. సైకిలు గొలుసు. రెండు పళ్ళు ఊడి నాలుక మీదికి వచ్చాయి. కింద పడ్డాక ఎన్ని కాళ్ళో లెక్క తెలియదు. పక్కటెముక విరిగిన చప్పుడు చెవికి వినపడలేదు, లోపల వినపడింది. ఒకడు బండరాయి ఎత్తాడు. రాఘవేందర్. వాణ్ణి నేను మత్తడి దగ్గర చాలాసార్లు చూశాను. వాడూ నన్ను గుర్తుపట్టాడు, అయినా రాయి దించలేదు.

మార్కెట్లో తోటకూర అమ్ముకుంటున్న తిమ్మమ్మ గుంపును తోసుకుని వచ్చింది. వచ్చీ రాగానే తమ్ముడి చెంప పగలగొట్టింది.

"ఎవర్ని కొడుతున్నవురా? మన మత్తడి సారును! రేపు వానొస్తే తాళం ఎవడు తీస్తడు? నువ్వు తీస్తవా?"

"అక్కా, తప్పుకో."

"తప్పుకోను. ఇగ కొట్టు. ముందుగాల నన్ను కొట్టు."

నా మీద వంగి నిలబడింది. ఆవిడ చీర కొంగులోంచి తోటకూర మట్టి వాసన. రాయి పక్కన పడిన చప్పుడైంది. తర్వాత రిక్షా, సుందరి ఏడుపు, డాక్టరు.

తిమ్మమ్మకు కృతజ్ఞత చెప్పలేదు. నోరు పనిచేయలేదు.

నిన్న అదే నోటితో సుందరిని కేకలేశాను, గంజి చల్లారిపోయిందని.

జూన్ 4, బుధవారం

కర్ఫ్యూ. నారాయణగూడ వైపు మళ్ళీ కాల్పులు. ఎంతమందో ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు. కిషన్ రావు గారి భార్య అరుంధతి గారు మాకు పాలు దొరకలేదని తెలిసి సగం గ్లాసు పంపించారు. సుందరి తెనాలి పోదామంటోంది. ఎలా పోతాం, రైళ్ళ మీద రాళ్ళు పడుతుంటే.

జూన్ 6, శుక్రవారం

కర్ఫ్యూ సడలించిన రెండు గంటల్లో ఆఫీసు బంట్రోతు ఏడుకొండలు వచ్చాడు. కవరు ఒకటి ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు. "నీళ్ళ డ్యూటీ వాళ్ళందరికీ ఇచ్చారండి" అన్నాడు. కవరు విప్పలేదు. బీరువాలో బట్టల కింద పెట్టాను.

పక్కటెముక నొప్పి.

జూన్ 7, శనివారం

కర్ఫ్యూ పాస్ ఇంకా రాలేదు. రాకపోతే నేనేం చేయగలను.

జూన్ 8, ఆదివారం, సాయంత్రం

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు వాన మొదలైంది. వాన అనకూడదు, పైనుంచి కుమ్మరించారు. రెండున్నరకు సందు నిండింది. నీళ్ళు మొదటి మెట్టు దాటాయి, రెండో మెట్టు దాటాయి. సుందరి బియ్యం డబ్బా మంచం మీద పెట్టింది.

మూడింటికి వెనక వైపు కేకలు వినబడ్డాయి. మా వెనక గదికి నాలా సందు వైపు కిటికీ ఉంది. తిమ్మమ్మ. నడుములోతు నీళ్ళలో, గోడ పట్టుకుని.

"సారూ! తాళంచెవి! సారూ!"

"మీ తిమ్మమ్మండీ" అంది సుందరి. "ఇచ్చెయ్యండి."

"వీల్లేదు. మెమో ఉంది."

"అయితే మీరే వెళ్ళండి."

"కర్ఫ్యూలో కాల్చేస్తారు. పాస్ రాలేదు."

సుందరి బీరువా వైపు చూసింది. ఎందుకు చూసిందో తెలియదు.

"సారూ, మట్టం రాతి మీద మూడో గీత మునిగింది! గోడ వణుకుతున్నది! నువ్వు రాకున్నా మంచిదే, చెవి ఇసిరెయ్యి! నీ కాల్మొక్త సారూ, కింద పిల్లలున్నరు!"

నేను కిటికీ తలుపు చాటున నిలబడ్డాను. తాళంచెవి జేబులోంచి తీసి చేతిలో పట్టుకున్నాను కూడా. కానీ ఇస్తే? ఆవిడ వెనక ఎవరున్నారో? నాలుగు తలుపులూ ఒక్కసారి ఎత్తించేస్తే? ఏదైనా జరిగితే రేపు జవాబు చెప్పేది ఆవిడ కాదు, నేను. ఇది ఆలోచించి తీసుకున్న నిర్ణయం. భయంతో తీసుకున్నది కాదు.

సుందరి నా చేతిలోంచి తాళంచెవి లాక్కోబోయింది. పిడికిలి బిగించాను. ఆమె గోళ్ళు గీరుకున్నాయి.

తిమ్మమ్మ కాసేపు కిటికీ వైపే చూసింది. అరవడం మానేసింది.

"లోపల్నే ఉన్నవని ఎరికే సారూ" అంది. మామూలుగా మాట్లాడినట్టు అంది. గోడ పట్టుకుంటూ మత్తడి వైపు వెళ్ళిపోయింది.

తర్వాత చాలాసేపు ఇనుము మీద ఇనుము పడుతున్న చప్పుడు. ఆగింది. మళ్ళీ చాలాసేపు వాన చప్పుడే. తర్వాత రెండు పిడుగులు పడ్డాయి, దగ్గర్లోనే. సుందరి పిడుగులు కావంది. పిడుగులే.

ఐదింటికి నీళ్ళు మూడో మెట్టు నుంచి మొదటి మెట్టుకు దిగాయి.

జూన్ 9, సోమవారం

పిడుగులు కావు.

కిషన్ రావు గారు నిన్న డాబా మీద గొడుగేసుకుని నిలబడి అంతా చూశారట. పొద్దున్నే వచ్చి మా గుమ్మంలో నిలబడి చెప్పారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"గడ్డపారతోని తాళం కొట్టింది. ఇరవై సార్లు కొట్టింది కావచ్చు. గొలుసు తెంపి, ముందుగాల కింద గుడిసెల దిక్కు మొఖం పెట్టి బొబ్బ పెట్టింది. వాళ్లు గట్టు ఎక్కినంక మొదటి తలుపు తిప్పింది. ఆగింది. రెండోది తిప్పింది. మళ్ల ఆగింది. గంత వానల గూడ ఆగుడు మానలే, ప్రకాశరావు గారు. మూడోది ఎత్తినంక గట్టు మీదికెళ్లి పోలీసోళ్లు వచ్చిన్రు. హటో హటో అని మొత్తుకున్నరు. గామె చెయ్యి ఊపింది, వస్తున్న వస్తున్న అన్నట్టు. నాలుగోది సగం లేచింది గద, నడుమ ఇడిచిపెడితే మల్ల పడిపోతది. ఇంకో రెండు చుట్లు తిప్పుతుంటే కాల్చిన్రు."

"బతికే ఉందా?"

"దవాఖానకు పోయేటాళ్లకు పాణం పోయింది." కిషన్ రావు గారు మా మూడో మెట్టు మీది బురద చారను చూశారు. "మీ ఇంట్లకు నీళ్లు రాలే. మంచిదైంది."

సడలింపు వేళ మత్తడి దగ్గరికి వెళ్ళాను. మూడు తలుపులు పూర్తిగా పైన ఉన్నాయి. నాలుగోది ముప్పాతిక లేచి కొక్కేనికి ఆగింది. గోడ సున్నం మీద ఒక గుండు దెబ్బ తెల్లగా కనిపించింది. రెండోది గోడకు తగల్లేదు.

మడుగు నీటిమట్టం రిజిస్టర్లో రాసుకున్నాను. ఏం చేయాలో తోచక రాసుకున్నాను.

జూన్ 12, గురువారం

వీరరాఘవరావు గారు పిలిపించారు. ఫ్యాను కింద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు.

"చక్రం ముట్టుకునే అధికారం ఆవిడకు ఉందా?"

"లేదండీ."

"తాళం పగలగొట్టిందా?"

"పగలగొట్టింది."

"తమ్ముడు ఉద్యమంలో ఉన్నాడా?"

"ఉన్నాడు."

"మరి? ఉన్నదే రాయి. ఆనకట్టను ధ్వంసం చేయబోతుండగా పోలీసులు ఆపారు. అంతే కదా. పేరు మాత్రం వద్దు. పేరు రాస్తే మన మనిషి అవుతుంది, మన మనిషి అయితే నువ్వెక్కడున్నావని అడుగుతారు." కాఫీ కప్పు జరిపారు. "నీకు పాస్ ఆరో తేదీనే ముట్టినట్టు ఏడుకొండలు పుస్తకంలో నీ సంతకం ఉంది. ఈ రిపోర్టు వెళితే ఆ పుస్తకం ఎవరూ తెరవరు."

సంతకం పెట్టాను.

జూన్ 14, శనివారం

పేపర్లో మూడు లైన్లు వేశారు. "కర్ఫ్యూను ఉల్లంఘించి నాలా ఆనకట్టను ధ్వంసం చేయబోయిన గుర్తు తెలియని స్త్రీ ఒకరు మరణించినట్లు తెలిసింది." గుర్తు తెలియని స్త్రీ అన్నది నా మాటే. రిపోర్టు రెండో పేరా.

పేపరు మడిచి పరుపు కింద పెట్టాను.

జూన్ 16, సోమవారం

ఇవాళే రాయాలి.

ఉదయం మట్టం చూడడానికి మత్తడి దిగాను. మడుగు పక్క రాళ్ళ మీద వంగి ఉండగా వెనక నుంచి ఎవరో మెడ పట్టుకున్నారు. తల నీళ్ళలో ఉంది. కళ్ళు తెరిస్తే ఆకుపచ్చటి మసక. విరిగిన పక్కటెముక రాతికి నొక్కుకుపోయి, అరిస్తే నోట్లోకి నీళ్ళే వచ్చాయి. పైకి లాగాడు.

రాఘవేందర్. గడ్డం పెరిగి ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"మా అక్కకు గుర్తు తెలువదా? చెప్పు! నిన్ను మార్కెట్ల కాపాడిందెవరు? గుర్తు తెలువదా?"

మళ్ళీ ముంచాడు. ఈసారి ఎక్కువసేపు. కాళ్ళు కొట్టుకున్నాయి, చెప్పు ఊడిపోయింది, తర్వాత కాళ్ళు కొట్టుకోవడం కూడా మానేశాయి. గుండె చప్పుడు నీళ్ళలో వినిపించింది. పైకి లాగి రాళ్ళ మీదికి విసిరాడు. నేను కక్కుకుంటున్నాను. వాడు గడ్డపార తీసుకున్నాడు. ఎత్తాడు. నా తల పక్కన రాయి మీద కొట్టాడు. పెచ్చు లేచి చెవి తెగింది.

"సంపుదామనే వచ్చిన" అన్నాడు. రొప్పుతున్నాడు. "ఆమె ఆ దినం నిన్నెందుకు ఇడిపించిందో సమజ్ గాక ఇడుస్తున్న. పో."

పరుగెత్తలేదు. పాక్కుంటూ వచ్చాను.

ఇంట్లో సుందరి చెవి కడిగి గుడ్డ కట్టింది. జారి పడ్డానని చెప్పాను. ఆమె పరుపు కింద నుంచి పేపరు తీసి నా ముందు పెట్టింది.

"ఇది మీరు రాసిందేనా?"

"ఆఫీసు రాసింది."

"గుర్తు తెలియదా మీకు? ఈ కిటికీలోంచి మన ఇద్దరం చూశాం. పాస్ కూడా ఉంది మీకు. బట్టలు సర్దుతూ ఏడో తేదీనే ఆ కవరు విప్పి చూశాను. మీరే వెళతారని ఊరుకున్నాను. బుద్ధి తక్కువై ఊరుకున్నాను."

చెయ్యి తగిలింది.

కాదు. కొట్టాను. చెంప మీద, అరచేత్తో, బలం కొద్దీ. ఆమె బీరువాకు తగిలి కింద పడింది. పెళ్ళయి పద్నాలుగేళ్ళు. ఎప్పుడూ చేయెత్తలేదు. నన్ను కొట్టినవాడిని ఏమీ చేయలేక ఇంటికి వచ్చి ఆమెను కొట్టాను.

సుందరి ఏడవలేదు. లేచి మెట్లెక్కి అరుంధతి గారి దగ్గరికి వెళ్ళిపోయింది.

జూన్ 17, మంగళవారం

పై వాటా నుంచి అన్నం గిన్నె వచ్చింది. కిషన్ రావు గారే తెచ్చి గుమ్మంలో పెట్టారు.

"మీ ఆమె మా ఇంట్లనే ఉంటది. మీరు పైకి రావద్దు. వస్తే బాగుండదు." తలుపు దాకా వెళ్ళి తిరిగారు. "మీరు ఆంధ్రోళ్లని చెప్పి నా బిడ్డలు ఖాళీ చేపియ్యమన్నప్పుడు నేను కొట్లాడిన. గిప్పుడు మీరెక్కడోళ్లన్నది కాదు బాధ."

జూన్ 23, సోమవారం

ఈ పుస్తకం మొదటి నుంచి చదివాను. ఆఫీసుకు పంపక్కర్లేని పుస్తకంలో కూడా అబద్ధాలు రాశాను. సైకిలు చైను ఊడలేదు. కవరులో ఏముందో ఏడుకొండలు చెప్పకముందే నాకు తెలుసు. రూలు ప్రకారం ఆవిడ సర్టిఫికెట్ నేనే తెప్పించి జతచేయవచ్చు, నాలుగు లైన్ల ఉత్తరం చాలు. రాయలేదు.

జూన్ 8 పేజీ మాత్రం రెండుసార్లు చదివాను. "భయంతో తీసుకున్నది కాదు" అని ఉంది. భయం ఉంది. కానీ అది ఒక్కటే అయితే తాళంచెవి విసరడానికి ఏం భయం? కిటికీలోంచి చెయ్యి బయటపెడితే చాలు. ఎవరూ చూడరు. ఎందుకు విసరలేదు?

తెలియడం లేదు.

జులై 2, బుధవారం

కాల్పుల మీద విచారణ వేశారు. హాజరవమని కాగితం వచ్చింది, పదకొండో తేదీ, నారాయణగూడ. సుందరికీ వచ్చింది. కిషన్ రావు గారు సాక్షిగా ఆమె పేరు ఇచ్చారట. వీరరాఘవరావు గారు మనిషిని పంపారు. రిపోర్టులో ఉన్నదే చెప్పమన్నారు. భార్యను ఊరికి పంపించెయ్యమన్నారు.

మెట్ల దగ్గర నిలబడి ఆ సంగతి సుందరికి చెప్పాను. పైనుంచే అంది:

"నేను ఎక్కడికీ వెళ్ళను. చూసింది చెబుతాను. మీరేం చెబుతారో మీ ఇష్టం."

చెంప మీద పసుపు పచ్చగా కమిలిన మచ్చ ఇంకా పోలేదు.

జులై 11, శుక్రవారం

హాలు నిండా జనం. గోడవారగా పోలీసులు. ఒకవైపు బెంచీల్లో మా ఆఫీసు వాళ్ళు, ఇంకోవైపు నాలా గట్టు గుడిసెల వాళ్ళు. వాళ్ళ ముందు రాఘవేందర్. కిషన్ రావు గారూ సుందరీ వెనక కూర్చున్నారు. విచారణాధికారి ముసలాయన, ఎక్కడివాడో తెలియదు, ఇంగ్లీషూ ఉర్దూ కలిపి మాట్లాడుతున్నాడు.

నా రిపోర్టు చదివి వినిపించారు. "గుర్తు తెలియని స్త్రీ" దగ్గర గుడిసెల వైపు నుంచి ఒక చెప్పు వచ్చి నా భుజానికి తగిలింది. పోలీసులు లేచారు. కాసేపు తోపులాట. ఒక ముసలామెను రెక్క పట్టుకుని బయటికి ఈడ్చారు. ఆమె అరుస్తూనే ఉంది, "మా గుడిసెలు నిలబెట్టిందిరా, మా గుడిసెలు నిలబెట్టిందిరా" అని.

"ఈ రిపోర్టు మీదేనా?"

"నాదే. అందులో ఉన్నది తప్పు."

వీరరాఘవరావు గారు కుర్చీలో కదిలారు. నేను అటు చూడలేదు. చూస్తే ఆగిపోతానని తెలుసు. గబగబా చెప్పాను. ఆమె పేరు తిమ్మమ్మ. ఇరవై రెండేళ్లుగా మత్తడి నీరటి. ధ్వంసం చేయడానికి రాలేదు, తలుపులు ఎత్తడానికి వచ్చింది. ఎత్తకపోతే గోడ పోయేది. తాళం వేసింది నేను. తాళంచెవి నా జేబులో ఉంది. పాస్ ఇంట్లో ఉంది. ఆమె మా కిటికీ కిందికి వచ్చి అడిగింది. నేను లోపలే ఉన్నాను. ఇవ్వలేదు.

అధికారి కళ్ళజోడు తీశాడు.

"కర్ఫ్యూకు భయపడి వెళ్ళలేదు. అర్థమైంది. తాళంచెవి ఎందుకివ్వలేదు? మెమో ఉందనా?"

"మెమో వల్ల కాదు."

"ఉద్యమకారులు వాడుకుంటారనా?"

"అప్పుడు అలా అనుకున్నాను. అది కూడా కాదు."

"మరి?"

పద్దెనిమిది రోజులుగా ఆలోచిస్తున్న ప్రశ్న. జవాబు తీసుకుని వెళ్ళలేదు. నిలబడి ఉండగా నోట్లోంచి వచ్చింది.

"ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు అడిగితే ఇచ్చేవాణ్ణి. పక్క ఆఫీసు గుమాస్తా అడిగినా విసిరేవాణ్ణి. అడిగింది ఆమె కాబట్టి ఇవ్వలేదు."

ఎవరో "ఛీ" అన్నారు. ఏ బెంచీ నుంచో తెలియదు.

బయటికి వచ్చేసరికి మెట్ల కింద మా ఆఫీసు వాళ్ళు నలుగురు ఉన్నారు. ఒకడు "మన ఆంధ్రావాళ్ళ పరువు తీశావురా" అని చొక్కా పట్టుకున్నాడు. ఇంకొకడు పక్కటెముకల్లో గుద్దాడు, మే నెలలో విరిగిన చోటే. కూలబడ్డాను. గుడిసెల వాళ్ళు చుట్టూ నిలబడి చూశారు. ఎవరూ ఆపలేదు, ఎవరూ చెయ్యి కలపలేదు. గుద్దినవాళ్ళు వెళ్ళిపోయాక రాఘవేందర్ దగ్గరికి వచ్చాడు. కొడతాడని తల దాచుకున్నాను.

కొట్టలేదు. వంగి నా మొహంలోకి చూశాడు.

"లోపల నువ్వు చెప్పిన మాట మాకు ముందుగాల్నే ఎరికె" అన్నాడు. "మా అక్కకు గూడ ఎరికె. నీకే ఇయ్యాల తెలిసింది."

వెళ్ళిపోయాడు.

జులై 19, శనివారం

సస్పెన్షన్ ఆర్డరు వచ్చింది. ఏడుకొండలే తెచ్చాడు, సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. విచారణ తేలడానికి నెలలు పడుతుందట. "ధ్వంసం" అన్న మాట మాత్రం తీసేయించారని కిషన్ రావు గారు చెప్పారు. కాల్చినవాళ్ళు వేరే చోటికి బదిలీ అయ్యారు.

సుందరి రాత్రి వంటకు కిందికి వచ్చింది. వంట చేసి, నాకు పెట్టి, మళ్ళీ పైకి వెళ్ళింది. ఎప్పుడు కిందికి వస్తావని అడిగితే, తెలియదంది. నిజంగానే ఆమెకు తెలియదు.

అంతకు ముందు, సాయంత్రం నాలుగింటికి ఆకాశం నల్లబడి పెద్ద వాన పట్టింది. వెనక కిటికీ తెరిచి నిలబడ్డాను. మత్తడి మీద ఎవరో ఉన్నారు, గోనెసంచి నెత్తిన కప్పుకుని. రాఘవేందర్. పని వాడికి ఇంకా ఎవరూ ఇవ్వలేదు, వాడే వచ్చాడు. ఒక తలుపు ఎత్తాడు. వెంటనే రెండోది కూడా ఎత్తేశాడు. కింద ఒక గుడిసె గోడ జారి నీళ్ళలో పడింది. జనం అరుస్తూ గట్టెక్కారు. మధ్యలో ఆగాలని వాడికి తెలియదు. తిమ్మమ్మ ఎంతసేపు ఆగేదో, నీళ్ళు కింది రాయికి ఎక్కడ తగిలాక రెండో చక్రం పట్టుకునేదో, పదిహేడేళ్లు పక్కన నిలబడి చూశాను. ఈ ఊళ్ళో ఇంకెవరికైనా తెలిస్తే నాకే తెలుసు.

వెళ్ళి చెప్పాలి. చొక్కా వేసుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళాను. సస్పెన్షన్లో ఉన్న మనిషికి కట్టడం మీదికి వెళ్ళే అధికారం లేదు కదా అనుకుని ఆగాను.

ఆ వాక్యం కొట్టేస్తున్నాను. భయం వేసి ఆగాను. మళ్ళీ మెడ పట్టి నీళ్ళలో ముంచుతాడని. గుమ్మంలోనే నిలబడిపోయాను. పైనుంచి సుందరి చూస్తోందని కూడా తెలుసు.

తర్వాత వెళ్ళాను. నడుములోతు నీళ్ళలో, గోడ పట్టుకుని. మత్తడి గోడ దగ్గరికి చేరి తల ఎత్తి అరిచాను.

"మూడోది ఇప్పుడే వద్దు! ఆగు!"

రాఘవేందర్ నన్ను చూశాడు. చక్రం మీద చేతులు తీసి గడ్డపార అందుకున్నాడు. నా వైపు విసిరాడు. అది నా పక్కన నీళ్ళలో పడింది.

"ఎంతసేపు?" అని అరిచాడు.